బాబాయి ఆఫీసు బ్యాకప్: తాళం ఎక్కడ దాచాలి?

2025 జూన్ 14, శనివారం, విజయవాడ

ఈ పని నిరుడే మొదలుపెట్టాల్సింది. ఇవాళ్టికి కుదిరింది.

బాబాయి ఆడిటర్. సింగ్‌నగర్‌లో కింద ఆఫీసు, పైన ఇల్లు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి ఊరి మీదకు వచ్చినప్పుడు ఆఫీసులో నడుము పైకి నీళ్లు నిలిచాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. వాళ్లు పై అంతస్తులో క్షేమంగా ఉన్నారని తెలిశాకే నాకు ఊపిరి ఆడింది. హైదరాబాద్ నుంచి వెంటనే బయల్దేరదామంటే దారి లేదు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద కూడా నీళ్లు. నీళ్లు తీశాక వెళ్లాను.

ఆఫీసుకు బ్యాకప్ లేదని ఎవరూ అనలేరు. ప్రతి శుక్రవారం సాయంత్రం గుమాస్తా శ్రద్ధగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ తీసేవాడు. తీసి బీరువా కింది అరలో పెట్టి తాళం వేసేవాడు. కంప్యూటరు టేబుల్ కింద, డిస్కు బీరువాలో, మధ్య నాలుగు అడుగుల దూరం. ఒకే నీళ్లు రెండింటినీ ముంచాయి. డిస్కు డబ్బా నేనే విప్పాను. సర్క్యూట్ బోర్డుకూ డిస్కుకూ మధ్య ఒండ్రు పేరుకుని ఉంది. గోరుతో గీస్తే అట్టలా ఊడి వచ్చింది. నేను చేరేలోపే పాపం ఆ అబ్బాయి దాన్ని ఎండలో ఆరబెట్టి కరెంటు పెట్టి చూశాడట. అదొక్కటి చెయ్యకుండా ఉంటే ఇంకా చాలా దక్కేదని రికవరీ ల్యాబు వాళ్లు చెప్పారు. తడిసిన డిస్కుకు కరెంటు పెట్టకూడదు. ఈ డైరీ చదివేవాళ్లకు ఈ ముక్క ముందే చెబుతున్నాను.

సెప్టెంబరు 30 ట్యాక్స్ ఆడిట్ గడువు. ఆ నెలంతా బాబాయి క్లయింట్ల ఇళ్ల చుట్టూ తిరిగి, వాళ్ల దగ్గరున్న నకళ్లు అడిగి తెచ్చుకుని, పోర్టల్లో ఉన్నవి దించుకుని, ఫైళ్లు మళ్లీ కట్టాడు. అరవై ఏళ్ల మనిషి. అది చూశాక మళ్లీ అలా జరగనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

ఒక సంగతి మాత్రం ఇవాళ కూడా కళ్ల ముందు ఉంది. తడిసిన రిజిస్టర్లు డాబా మీద ఆరేసినప్పుడు జెల్ పెన్నుతో రాసిన పేజీలన్నీ నీలిమరకలైపోయాయి. బాల్ పెన్నుతో రాసిన అంకెలు మాత్రం అలాగే నిలిచాయి. ఆ రోజు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

జూన్ 15, ఆదివారం

ఇవాళంతా లెక్క. ఏమేం ఉన్నాయి, ఎంత ఉన్నాయి అని.

మొత్తం 412 జీబీ. అందులో టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా చాలా తక్కువ, ఈ ఏడాదిది మూడు జీబీ పైన కాస్త. మిగతా అంతా స్కాన్లు: దస్తావేజులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, సంతకాలు పెట్టిన బ్యాలెన్స్ షీట్లు.

"రేపే అన్నీ పోయాయనుకో బాబాయ్, ముందు ఏది కావాలి నీకు?" అని అడిగాను.

"ముందు ఈ ఏడాది టాలీ అమ్మా. అది ఉంటే మర్నాటి నుంచి పని సాగుతుంది. స్కాన్లు వారం ఆగినా పర్లేదు."

ఈ ఒక్క జవాబుతో పథకం సగం తేలిపోయింది. మొత్తం ఎంతసేపటికి తిరిగి వస్తుందన్నది నా ప్రశ్న. బాబాయికి మాత్రం ఆ మూడు జీబీలు ఎంతసేపటికి వస్తాయన్నదే కావాలి.

జూన్ 29, ఆదివారం, హైదరాబాద్

పథకం కాగితం మీద పెట్టాను. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి ఊరి బయట అన్న 3-2-1 సూత్రం చాలామంది వినే ఉంటారు. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో వల్ల వ్యాప్తిలోకి వచ్చిన మాట అది. నేను దాన్ని మా అవసరానికి ఇలా మలుచుకున్నాను. ఆఫీసు కంప్యూటర్ నుంచి మొదటి కాపీ పై అంతస్తులో పెట్టే, లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటరు డబ్బాలోకి. రెండోది హైదరాబాద్‌లో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి. మూడోది ముంబైలో ఉన్న క్లౌడ్ నిల్వలోకి.

హైదరాబాద్ ఒక్కటి చాలదా అని బాబాయి అడిగాడు. నిరుడు ఆ వానలకే ఖమ్మంలో మున్నేరు పొంగింది. విజయవాడకూ హైదరాబాద్‌కూ మధ్య రోడ్డూ రైలూ రెండూ తెగాయి. హైదరాబాద్ కూడా 1908 సెప్టెంబరులో మూసీ చేతిలో ఏమైందో అందరికీ తెలిసిందే. రెండు ఊళ్లూ ఒకే అల్పపీడనం కిందకు రాగలిగినప్పుడు మూడోది ఆ మబ్బు అందని చోట ఉండాలి.

ఎన్‌క్రిప్షన్, అంటే తాళం ఉన్నవాళ్లే చదవగలిగేలా గుప్తం చెయ్యడం, గురించి ఎక్కువ ఆలోచించాల్సిన పని పడలేదు. ఇవి మనవి కాని కాగితాలు. ఎవరి ఆస్తి ఎంతో, ఎవరి అప్పు ఎంతో వాటిలో ఉంది. నమ్మకం మీద బాబాయి చేతిలో పెట్టినవి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచితే, ఆ నమ్మకం కోసమైనా ఆఫీసు గడప దాటే ప్రతి బైటూ దాటకముందే గుప్తం కావాలి. మా ఇంటి డబ్బాను ఎవరైనా ఎత్తుకుపోయినా, క్లౌడ్ కంపెనీ ఉద్యోగి ఎవరైనా తెరిచి చూసినా, అర్థం లేని బైట్ల కుప్ప తప్ప ఏమీ కనబడకూడదు.

పనిముట్టు రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాం. ఫైళ్లను ముక్కలు చేసి, ఒకేలా ఉన్న ముక్కను ఒక్కసారే దాచి, ఏఈఎస్-256 అనే పద్ధతితో గుప్తం చేసి పెడుతుంది. ఫైళ్ల పేర్లు కూడా గుప్తమే. మా విషయంలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే సగం రహస్యాలు ఫైళ్ల పేర్లలోనే ఉన్నాయి.

జూలై 5, శనివారం, విజయవాడ

డబ్బా కూర్చాను. చిన్న కంప్యూటరు, 4 టీబీ డిస్కులు రెండు, ఫైళ్లను దాచే పద్ధతి అయిన జెడ్ఎఫ్ఎస్‌లో అద్దం జోడీగా. ఒకటి పోయినా రెండోదానిలో అంతా ఉంటుంది. పై అంతస్తులో పిన్ని కుట్టుమిషను పక్కన అర ఖాళీ చేయించి పెట్టాను.

విండోస్ కంప్యూటర్ నుంచి కాపీ తీసేటప్పుడు టాలీ తెరిచి ఉంటే ఫైలు సగం పాతదీ సగం కొత్తదీ అయ్యే ప్రమాదం ఉంది. అందుకని రెండు జాగ్రత్తలు. ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచే విండోస్ షాడో కాపీ నుంచే చదవమని రెస్టిక్‌కు చెప్పాను. ఆఫీసు మూసే ముందు టాలీలోనే బ్యాకప్ తియ్యడం గుమాస్తా పని. కాపీ రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది.

డబ్బాలో రెస్టిక్ సర్వర్‌ను అపెండ్ ఓన్లీ పద్ధతిలో నడిపాను. అంటే ఆఫీసు కంప్యూటరు కొత్తవి చేర్చగలదు, పాతవి చెరపలేదు. ఎవరో పంపిన ఇన్‌వాయిస్ అనుకుని ఏదో నొక్కితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చి కంప్యూటర్లో ఉన్నదంతా తినేసినా, డబ్బాలో నిన్నటి కాపీ దగ్గరకు రాలేదు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దెబ్బకు మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ డొమైన్ కంట్రోలర్లన్నీ (ఎవరు లాగిన్ కావచ్చో చూసే సర్వర్లు) తుడిచిపెట్టుకుపోతే ఘానాలో ఒక్కటి మిగిలింది. ఆ సమయానికి అక్కడ కరెంటు లేదు, అందుకే. వాటికి విడిగా బ్యాకప్ దొరకలేదు. ఒకదానికొకటి నకలుగా ఉంటాయి, అదే బ్యాకప్ అనుకుని కట్టారు. అన్నీ ఒకేసారి చెరిగిపోతాయని అనుకోలేదు. నకలు పంపడం ఒక పని, చెరుపు పాకకుండా ఆపడం ఇంకో పని. ఈ రెండోదానికే నేను ఎక్కువ సమయం పెట్టాను.

పాస్‌వర్డ్ ప్రస్తుతానికి నేనే పెట్టాను. కాపీ దానంతట అది నడవాలి కాబట్టి ఆఫీసు కంప్యూటర్లో ఒక ఫైల్లో ఉంచక తప్పలేదు. ఆ కంప్యూటరు ఎవరైనా ఎత్తుకుపోతే పాస్‌వర్డ్ కూడా పోతుంది కదా, అందుకని డిస్కు మొత్తాన్ని గుప్తం చేసే విండోస్ బిట్‌లాకర్‌ను దానికి వేశాను. అది 48 అంకెల రికవరీ కీ ఇచ్చింది. అంటే దాచాల్సిన తాళం ఇంకొకటి పెరిగింది.

జూలై 6, ఆదివారం

హైదరాబాద్ డబ్బాను కూడా ఇక్కడికే తెచ్చాను. ఇంట్లో కేబుల్ వేసి మొదటి నకలు తీస్తే గంట పైన కాస్త పట్టింది. అదే ఇంటర్నెట్ మీద పంపి ఉంటే రోజంతా పట్టేది. సాయంత్రం బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బాబాయి ముప్ఫై ఏళ్ల కష్టం నా ఒళ్లో ఉంది, కానీ ఆ డబ్బాలో దాన్ని తెరిచే తాళం లేదు. సూర్యాపేటలో టీకి దిగినప్పుడు కూడా చేతిలోనే ఉంది. పోయినా భయం లేదని తెలుసు, అయినా వదలబుద్ధి కాలేదు.

జూలై 13, ఆదివారం, హైదరాబాద్

రెండు ఇళ్ల మధ్య దారి వెయ్యడానికి వారం పట్టింది. రెండు చోట్లా ఇంటర్నెట్ కంపెనీ మనకంటూ పబ్లిక్ అడ్రసు ఇవ్వదు, వందల ఇళ్లకు ఒకటే. బయటి నుంచి తలుపు తట్టే వీలు లేదు. చివరికి నెల అద్దెకు ఒక చిన్న సర్వర్ తీసుకుని, రెండు డబ్బాలూ వైర్‌గార్డ్ అనే గుప్త దారి (వీపీఎన్) మీద దాని దగ్గర కలిసేలా చేశాను. ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న పలకరింపు పంపుతూ ఉంటే దారి మూసుకుపోదు.

హైదరాబాద్ డబ్బానే వెళ్లి విజయవాడ నుంచి లాక్కుంటుంది. విజయవాడ డబ్బాకు ఇక్కడికి వచ్చే అనుమతి లేదు. అక్కడ దొంగ పడినా ఇక్కడి దారి వాడికి తెలియదు. రాత్రికి కొత్తగా చేరేది ఒకటి రెండు జీబీలు, నిమిషాల్లో అయిపోతుంది.

తాళం లేని డబ్బా తన దగ్గరున్నది సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకుంటుంది? దీనికి రెస్టిక్ కట్టుబడిలోనే చక్కటి వీలుంది. లోపలి ఫైళ్లకు, ఒక్క కాన్ఫిగ్ ఫైలు తప్ప, వాటిలో ఉన్న బైట్ల నుంచి లెక్కగట్టిన షా-256 విలువే, అంటే వేలిముద్ర లాంటి సంఖ్యే, పేరు. ఫైలు చదివి లెక్కగట్టి పేరుతో పోల్చితే చాలు. ఒక్క బిట్ మారినా పేరు కలవదు. డేటా కింద 256 ఫోల్డర్లు ఉంటాయి. రాత్రికి 8 చొప్పున చూస్తే 32 రాత్రుల్లో మొత్తం ఒక చుట్టు. ఉత్తరం విప్పకుండానే చెక్కుచెదరలేదని చెప్పగలగడం నాకు ఎంత నచ్చిందో.

జూలై 19, శనివారం

ముంబై కాపీ. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా మాత్రమే పంపాను, పగలు ఇంట్లో అందరికీ నెట్టు కావాలి. నాలుగు రాత్రుల్లో ఎక్కింది. ఫైళ్లు చెరపకుండా ఆపే ఆబ్జెక్ట్ లాక్ 60 రోజులకు పెట్టాను. ఆ గడువు లోపల ఏ ఫైలునూ నేను కూడా నిజంగా చెరపలేను. చెరిపినా చెరిపినట్టు గుర్తు పడుతుందంతే, వస్తువు అక్కడే ఉంటుంది.

ఇక్కడితో పని అయిపోయిందని అనుకున్నాను.

జూలై 27, ఆదివారం, విజయవాడ

కాలేదు.

ఇవాళ మొదటి రిహార్సల్. ఆఫీసు కంప్యూటరు లేదు, పై డబ్బా లేదు, నేను కూడా లేను అన్న లెక్క. నా ఫోన్ ఆపేసి పిన్నితో వంటింట్లో కూర్చున్నాను. బాబాయి, గుమాస్తా, ఒక అరువు ల్యాప్‌టాప్. నేను రాసిచ్చిన రెండు పేజీల కాగితం.

అరగంటకు బాబాయి వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చాడు. "అమ్మాయ్, ఓటీపీ అడుగుతోంది. నీ ఫోనుకు వెళ్తుందట."

నిజంగా వరద వచ్చిన రోజు నా ఫోన్ నీళ్లలో ఉండొచ్చు, ఛార్జింగ్ లేక ఆగిపోయి ఉండొచ్చు, టవర్ ఉండకపోవచ్చు. మూడు ఊళ్లలో మూడు కాపీలు పెట్టి, వాటి తలుపు మాత్రం నా చేతిలో ఉన్న ఒక్క ఫోనుకు కట్టేశాను. క్లౌడ్ ఖాతా ఇచ్చిన రికవరీ కోడ్‌లు ఉన్నాయి. అవి హైదరాబాద్‌లో నా సొరుగులో ఉన్నాయి.

సరేనని ఫోన్ తెరిచి ఓటీపీ ఇచ్చాను, మిగతాదైనా చూద్దామని. ఈసారి పాస్‌వర్డ్ దగ్గర ఆగింది. గుర్తుండేలా ఉండాలని బాబాయి కోరితే తెలుగు లిపిలోనే ఆరు మాటల పాస్‌వర్డ్ పెట్టాను. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే గుమాస్తా కొట్టాడు. తప్పు అంది. మళ్లీ కొట్టాడు, తప్పే. నేను కొట్టాను, తప్పే. ఆ పది నిమిషాలు నా కాళ్లు వణికాయి. రెస్టిక్‌లో పాస్‌వర్డ్ పోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. తెరిచే దొడ్డిదారి లేదు. లేకపోవడమే దాని బలం.

నా ల్యాప్‌టాప్‌లో దాచుకున్న పాస్‌వర్డును బైట్లుగా విప్పి చూస్తే అప్పుడు దొరికింది. మాటల్లో ఒకటి పొల్లుతో ముగుస్తుంది. నేను మొదట దాన్ని ఫోన్‌లో కొట్టి ల్యాప్‌టాప్‌కు పంపుకున్నాను. ఫోన్ కీబోర్డు పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి చేర్చింది. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్ కింద వ ఒత్తుగా మారకుండా ఆపేది ఆ గుర్తే. మాట చివర ఉంటే మాత్రం ఉన్నా లేకపోయినా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. అరువు ల్యాప్‌టాప్‌లోని కీబోర్డు దాన్ని చేర్చలేదు. కాగితం మీద రెండూ ఒకటే. కంప్యూటరుకు మూడు బైట్ల తేడా.

తెలుగంటే నాకు ప్రాణం. అయినా పాస్‌వర్డుకు తెలుగు లిపి వాడొద్దని ఇవాళ గట్టిగా రాసుకుంటున్నాను. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడదామా అంటే అదీ ఇబ్బందే. వంకాయ అని నాలుగు రకాలుగా కొట్టొచ్చు. ఏడాది తర్వాత, వరద మధ్య, ఏ రకంగా కొట్టామో ఎవరికి గుర్తుంటుంది?

ఆగస్టు 3, ఆదివారం

పాచికల రోజు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే డిజిటల్ హక్కుల సంస్థ వాళ్లు ఇలాంటి పనికే 7,776 ఇంగ్లీషు మాటల జాబితా తయారుచేసి పెట్టారు. పాచిక ఐదుసార్లు వేస్తే ఐదంకెల సంఖ్య, దానికి ఎదురుగా ఒక మాట. ఆరు మాటలకు 77 బిట్ల బలం, అంటే రెండును 77 సార్లు గుణిస్తే వచ్చేన్ని అవకాశాలు. మనసులోంచి తీసిన మాటలకు ఆ లెక్క వర్తించదు. మనుషులం ఎప్పుడూ పిల్లల పేర్లూ దేవుడి పేర్లే తలుస్తాం. ఒక పద్యపాదం పెడదామని బాబాయి అన్నాడు కానీ, అందరికీ నోటికి వచ్చే పద్యం తాళం ఎలా అవుతుంది?

పిన్ని అటక మీద నుంచి వైకుంఠపాళి డబ్బా దించింది. పాచిక ఒక్కటే మిగిలింది. మూడు పాస్‌వర్డులు, ఒక్కోదానికి ముప్ఫై చొప్పున తొంభై వేతలు. పిన్ని వేస్తుంటే గుమాస్తా అంకె చదివాడు, నేను మాట వెతికాను, బాబాయి రాశాడు. మధ్యలో పాచిక కుట్టుమిషను కిందకు దొర్లితే ఆ వేత లెక్కలోకి రాదని పిన్ని పట్టుబట్టింది. వచ్చినా తప్పు లేదు, అయినా ఆవిడ నియమం ఆవిడది.

మూడు ఎందుకంటే, రెస్టిక్‌లో నిజంగా డేటాను గుప్తం చేసే మాస్టర్ కీ ఒకటే. అది ఒక పెట్టెలో ఉంటుంది, ఆ పెట్టె పాస్‌వర్డుతో తెరుచుకుంటుంది. ఒకే మాస్టర్ కీకి ఇలాంటి పెట్టెలు ఎన్నైనా చేసుకోవచ్చు, దేని పాస్‌వర్డు దానిదే. ఒకటి బాబాయిది, ఒకటి నాది, మూడోది కవరులోది. ఒకటి పోతే మిగతా రెండూ తెరుస్తాయి. రహస్యాన్ని ముక్కలుగా పంచి, మూడింట్లో రెండు కలిస్తేనే తెరుచుకునేలా చేసే పద్ధతి కూడా ఉంది. 1979లో క్రిప్టోగ్రఫీ శాస్త్రవేత్త అడి షామిర్ చెప్పిన లెక్క అది. ఎంతో అందమైనది, చేసి కూడా చూశాను. కానీ కరెంటు లేని ఇంట్లో, తడి బట్టల్లో ఉన్న బాబాయి చేత ఆ ముక్కలు కలిపించగలనా అని ఆలోచించి పక్కన పెట్టాను.

మొదట్లో చెప్పిన రిజిస్టర్ల సంగతి ఇక్కడ పనికొచ్చింది. అన్నీ బాల్ పెన్నుతో, పెద్ద అక్షరాల్లో బాబాయి చేతే రాయించి లామినేషన్ చేయించాను. మూడు పాస్‌వర్డులతో పాటు బిట్‌లాకర్ 48 అంకెలు, క్లౌడ్ రికవరీ కోడ్‌లు. బాబాయి కాగితం బ్యాంకు లాకర్‌లోకి పోతుంది. కవరు గుంటూరులో అత్తయ్య ఇంటికి. ఆ ఇల్లు మెరక మీద ఉంది, అత్తయ్యకు వస్తువు దాచడం తెలుసు.

ఆగస్టు 10, ఆదివారం, హైదరాబాద్

ఇక్కడి నకలు నుంచి మొత్తం రిస్టోర్ చేసి చూశాను. ఈ ఒక్కసారికి పాస్‌వర్డ్ చేత్తో కొట్టాను, ఎక్కడా దాచలేదు. 412 జీబీ బయటకు వచ్చింది, 23 ఫైళ్లు తప్ప. ఫైలు పేరు మరీ పొడవు అని లినక్స్ ఆపేసింది.

మొదట అర్థం కాలేదు. విండోస్‌లో ఉన్న పేర్లే కదా. చూస్తే ఒకటి ఇలా ఉంది: తాతగారి ఆస్తి పంపకాల దస్తావేజు నకలు సాక్షుల సంతకాలతో సహా రెండో ప్రతి సరిచూసినది చివరి కొత్తది. విండోస్ ఒక్కో గుర్తునూ ఒకటిగా లెక్కపెట్టి 255 దాకా ఒప్పుకుంటుంది. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు బైట్లు లెక్కపెడతాయి, వాటికీ హద్దు 255 బైట్లే. తెలుగులో హల్లుకు మూడు బైట్లు, పొల్లుకు మూడు, గుడికి మూడు. ఆస్తిలో ‘స్తి’ అన్న ఒక్క అక్షరమే 12 బైట్లు. ఆ దస్తావేజు పేరు పీడీఎఫ్ తోకతో కలిపి 259 బైట్లు. నాలుగు బైట్ల కోసం ఒక కుటుంబం పంపకాల పత్రం ఆగిపోయింది.

కాపీ తీసిన ప్రతి రాత్రీ ఏ తప్పూ లేదని చిట్టా రాసింది. అదీ నిజమే, ఎందుకంటే రెస్టిక్ ఆ పేర్లను తన పట్టికలో దాచుకుంది, ఫైలుగా పెట్టలేదు. రిస్టోర్ చేసినప్పుడే ఇది బయటపడింది. విండోస్ మీద రిస్టోర్ చేస్తే అవి కూడా వస్తాయి, చూశాను. అయినా ఆ రోజు చేతికి ఏ యంత్రం దొరుకుతుందో ఎవరు చెప్పగలరు? గుమాస్తాకు జాబితా పంపాను, పేర్లు కుదించాడు. ఇక మీద పేరుకు నాలుగైదు మాటలు చాలని ఆఫీసులో రాసి అంటించాం.

ఆగస్టు 24, ఆదివారం, విజయవాడ

రెండో రిహార్సల్. గుమాస్తా పొద్దున్నే గుంటూరు వెళ్లి అత్తయ్య దగ్గర కవరు తెచ్చాడు. అత్తయ్య మొదట ఇవ్వలేదట. బాబాయికి ఫోన్ చేసి నిజమేనా అని అడిగాకే ఇచ్చింది. చాలా సంతోషమేసింది.

ఈసారి కవరులో ఒక పెన్ డ్రైవ్ కూడా ఉంది. అందులో రెస్టిక్ ప్రోగ్రాం, ముంబై నిల్వను చదవడానికి మాత్రమే పనికొచ్చే యాక్సెస్ కీ. ఇది ఎవరి చేతిలో పడినా గుప్తమైన ముక్కలు దించుకోగలరు తప్ప తెరవలేరు, చెరపలేరు. ఖాతాలోకి వెళ్లే పనే లేదు కాబట్టి ఓటీపీ గొడవ లేదు. పెన్ డ్రైవ్ చెడిపోతే కొట్టుకోవడానికి అదే కీ కాగితం మీద కూడా ఉంది.

మళ్లీ నా ఫోన్ ఆపి వంటింట్లో కూర్చున్నాను. పదీ పదికి మొదలుపెట్టారు. ఇంటి నెట్టు కాకుండా ఫోన్ హాట్‌స్పాట్ మీదే చెయ్యాలని నియమం పెట్టాను. ఒకచోట చిక్కుపడ్డారు. రిస్టోర్ ఎక్కడికి చెయ్యాలో నేను రాసిన వాక్యం సరిగ్గా లేదు, డి డ్రైవ్ అన్నాను, అరువు ల్యాప్‌టాప్‌లో డి లేనే లేదు. గుమాస్తా కాసేపు ఆలోచించి సి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ చేశాడు. ఆ వాక్యం దిద్దాలి.

ముందు ఈ ఏడాది టాలీ. 3.1 జీబీ, ఇరవై నిమిషాలు. ఆ ల్యాప్‌టాప్‌లో టాలీ వేసుకుని, కంపెనీ తెరిచేసరికి పదకొండు యాభై రెండు అయింది.

అప్పుడు బాబాయి జేబులోంచి ఒక చీటీ తీశాడు. శనివారం సాయంత్రం ఆఫీసు మూసే ముందు, నాకు చెప్పకుండా, ముగ్గురు క్లయింట్ల ట్రయల్ బ్యాలెన్స్ మొత్తాలు బాల్ పెన్నుతో రాసి పెట్టుకున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కోటీ వేలితో కలుపుకుంటూ చదివాడు. మొదటిది పైసలతో సహా కలిసింది. రెండోది కలిసింది. మూడోది చదివేటప్పుడు గొంతు మారింది. చీటీ మడిచి మళ్లీ జేబులో పెట్టుకుని, "సరిపోయిందమ్మా" అన్నాడు. నేను ఇన్ని వారాలు లెక్కగట్టిన షా-256లన్నీ ఒక ఎత్తు, ఆ చీటీ ఒక ఎత్తు. డేటా సరైనదని చెప్పగలిగేది దానితో రోజూ పనిచేసే మనిషే.

అక్టోబరు 5, ఆదివారం, హైదరాబాద్

సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. యూపీఎస్ లిథియం బ్యాటరీలు తరలిస్తుంటే నిప్పంటుకుంది. ప్రభుత్వ ఉద్యోగులు పత్రాలు దాచుకునే జీ డ్రైవ్ అనే నిల్వ, 858 టెరాబైట్లు, మొత్తం పోయింది. అంత పెద్దదానికి బయట కాపీ పెట్టడం కుదరలేదన్నారు. ఆ ఉద్యోగుల గురించి చదువుతుంటే నిరుడు డాబా మీద రిజిస్టర్లు ఆరేస్తున్న బాబాయే గుర్తొచ్చాడు.

వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. పై డబ్బా ఉన్న అరలో దాని కిందే యూపీఎస్ పెట్టింది నేనే. మాది లెడ్ యాసిడ్ బ్యాటరీ, అయినా ఆ రెండూ ఒకే అరలో ఎందుకు? పిన్ని యూపీఎస్‌ను కిందకు దింపించి గోడ అవతలకు మార్పించింది. వైరు పొడవైనది కొన్నారు.

ఇంకో పని మిగిలింది. గుమాస్తా వచ్చే నెల పెళ్లి చేసుకుని వైజాగ్‌లో కొత్త ఉద్యోగానికి వెళ్తున్నాడు. బంగారం లాంటి అబ్బాయి. కానీ రిహార్సల్‌లో కవరులోని పాస్‌వర్డ్ కొట్టింది అతనే. నమ్మకం ఎంతున్నా వెళ్లే మనిషి మీద ఆ బరువు ఉంచకూడదు. అది అతనికీ మంచిది. కవరు పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోతుందని మొదట అనుకున్నాను. సరిపోదు. పాస్‌వర్డ్ మార్చితే పెట్టె మారుతుంది కానీ లోపలి మాస్టర్ కీ మారదు. ముంబైలో పాత పెట్టె లాక్‌తో అలాగే ఉంది, అది పాత పాస్‌వర్డుకు తెరుచుకుంటుంది. లాక్ గడువు తీరాక దాన్ని చెరిపినా, ఎప్పుడో దించుకున్న నకలు ఎక్కడైనా ఉంటే దానికీ అదే మాస్టర్ కీ. నిజంగా తాళం మార్చాలంటే కొత్త రిపాజిటరీ (రెస్టిక్ కాపీలన్నీ ఉండే నిల్వ), కొత్త మాస్టర్ కీ, 412 జీబీ మళ్లీ మొదటి నుంచి. కొత్తదాని మీద ఒక రిహార్సల్ నెగ్గేదాకా పాతదాన్ని అలాగే ఉంచి, ఆ తర్వాతే తీసెయ్యాలి.

పొద్దున పిన్ని మళ్లీ వైకుంఠపాళి డబ్బా దించింది. వీడియో కాల్‌లో తొంభై వేతలు చూశాను, అంకెలు కెమెరాకు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి బాబాయే రాసుకున్నాడు. కొత్త రిపాజిటరీ మధ్యాహ్నం పై డబ్బాలో నిండింది. ఇక్కడి డబ్బా దాన్ని రాత్రిళ్లు లాక్కోవాలి, ఆ పైన ముంబైకి నాలుగు రాత్రులు. మొదటి వంతు ఇవాళ పదకొండుకు బయల్దేరుతుంది.